ఎవరి నోటి మాట

అత్తయ్య బఠానీలు ఒలుస్తోంది. నేను పక్కనే కూర్చుని మావయ్య పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను.

మావయ్య రిటైరైన బడిపంతులు. ఇరవై ఏళ్లుగా సామెతలు ఏరుతున్నాడు. సామెతకో చీటీ. చీటీ వెనక అది ఎవరి నోట విన్నదో, ఆ నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉండాలి. నోరు తెలియని సామెత అనాథ అంటాడు, పుస్తకంలో చోటివ్వడు. మధ్యలో అత్తయ్య ఏదైనా అంటే ఆమె మాట దిద్దుతాడు. పెళ్లైన నాటి నుంచీ అదే వరస. ఆమె పుట్టింటి యాస ఇంకా పోలేదని ఆయన బాధ.

తంటా అంతా ఒక్క సామెతతోనే వచ్చింది. ‘కుర్చీలో కూర్చుంటే భాష, కింద కూర్చుంటే యాస.’ మొదటి పేజీకి దాన్నే ఎంచుకున్నాడు. సభలో ఒక లెక్చరరు చెప్పగా విని, కింద ఆయన పేరే వేశాడు. చీటీ వెనక సగం ఖాళీగా ఉందని నేనే పుల్ల పెట్టాను. లెక్చరరుకు ఫోన్ చేస్తే, తనది కాదని, తానెక్కే బస్సు కండక్టరు మాటని చెప్పి నంబరిచ్చాడు. మధ్యాహ్నానికి ప్రూఫులు ప్రెస్సుకు చేరాలి. ఈలోగా నోరు దొరక్కపోతే మొదటి పేజీ ఖాళీయే.

కండక్టరు పదకొండింటికి ఫోన్ ఎత్తాడు. మావయ్య వినేలా స్పీకరు పెట్టాను.

“నాది కాదమ్మా. పదేళ్ల కిందట ఒకావిడ కుట్టుమిషను రిపేరుకి తీసుకెళ్తూ, సీటు దొరక్క బస్సులో కిందే కూర్చుంది. సీట్లో ఉన్న పెద్దమనిషి ఆవిడ మాట విని వెక్కిరించాడు. అప్పుడంది ఈ మాట. బస్సంతా నవ్వు. ఆయన తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు.”

ఆవిడ ఎవరని అడిగాను. పేరు తెలియదన్నాడు. మిషన్ని దుప్పట్లో చుట్టి చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుందట. దీనికీ అర టికెట్టేనా అని అడిగిందట.

“అర టికెట్టు ఎక్కడిది? లగేజీ కింద నిండు టికెట్టే కొట్టాడు,” అంది అత్తయ్య, కాయ మీంచి చూపు తిప్పకుండా.

ఫోన్ పెట్టేశాను. మావయ్య కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“ఆ రోజే చెప్పబోయాను. సగంలో ఆపి నా మాట దిద్దారు. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది.”

నాకు నవ్వాగలేదు. అత్తయ్యకూ ఆగలేదు. మావయ్య మాత్రం ఆ పేజీ లాక్కుని లెక్చరరు పేరు కొట్టేశాడు. ఇంటిపేరుతో సహా అత్తయ్య పేరు రాశాడు. సామెత ఆమెకు చదివి వినిపించి, అలాగే అన్నావా అని అడిగాడు. ఆమె తన యాసలో అని చూపింది. రెండు మాటలు తేడా. ఆమె అన్నట్టే మార్చాడు, దిద్దలేదు.

కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని ప్రెస్సుకు బయల్దేరాడు.