పోచర్లమండీ మేము

చంద్రకళకి డిక్షనరీ అంటే చిన్నచూపు. ఆ చిన్నచూపు సొంతంగా పుట్టింది కాదు, ఫోన్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఒకాయన అంటించాడు. "తెలియని మాట కనపడగానే డిక్షనరీ కోసం పరిగెత్తకండి. మంచి నవల పట్టుకోండి. చుట్టూ ఉన్న వాక్యాలు చూసి అర్థం మీరే ఊహించండి. అలా ఊహించిన మాట జన్మలో మరిచిపోరు" అని ఆయన సెలవిచ్చాడు. మరిచిపోరన్న సంగతి మాత్రం నిజమే.

ఆవిడది కొల్లేటి లంకల్లో ఒక చిన్న లంక. తండ్రి జగ్గారావు దోనె మీద వెళ్ళి వల వేసి చేపలు పట్టే మనిషి, ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళ సంఘానికి పెద్ద. కూతురు డిగ్రీ పూర్తి చేసి తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తోంది. రోజూ ఆటోలో భీమడోలు వచ్చి రైలెక్కుతుంది. ఆ ఆఫీసు కుర్చీలోంచి లేచి ఇంగ్లీషు క్లాసులోకి నడవాలని ఆవిడ కోరిక. కోరికలో తప్పేం లేదు. పిల్లలకి చెప్పడానికి పనికొచ్చే ఇంగ్లీషు వదిలేసి, ఎదుటివాళ్ళు నోరెళ్ళబెట్టే ఇంగ్లీషు మీద మోజు పడిందే, అదీ గొడవ.

నవల ఇచ్చింది నాజియా. అదే స్కూల్లో ఇంగ్లీషు టీచరు, ఏలూరులో తివాచీలు నేసే వాళ్ళ అమ్మాయి. "అందరూ తెగ చదువుతున్నారండీ దీన్ని, బావుంటుంది" అని చేతిలో పెట్టింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, ఒక కోట, కోట ముందు జుట్టు ఎగురుతున్న అమ్మాయి. పరాయి దేశంలో దొరల కాలం నాటి కథ. చంద్రకళ దాన్ని రైల్లో చదివేది. రిలక్టెంట్ అంటే మనసు లేకుండా ఒప్పుకోవడమని ఊహించింది, సరిపోయింది. మెలాంకలీ అంటే దిగులని ఊహించింది, అదీ సరిపోయింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో తెలుగు టీచరు దగ్గరికి వెళ్ళి "వై సో మెలాంకలీ, మేడమ్?" అని అడిగి, ఆవిడ తెల్లమొహం వేస్తే సాయంత్రం దాకా ఆనందపడింది.

ఆ నవల్లో కథానాయికకి ఒక తాతయ్య ఉన్నాడు. వెన్నెల రాత్రుళ్ళు వల భుజాన వేసుకుని ఏటికి వెళ్తాడు, చేపలు తెచ్చి మనవరాలికి వండిపెడతాడు. నవల్లో ఆయన్ని పోచర్ అన్నారు. ఊరివాళ్ళందరూ ప్రేమగా 'మన ముసలి పోచర్' అంటారు. అది చదివి చంద్రకళకి కళ్ళు చెమర్చాయి. వలా, నీళ్ళూ, ముసలాయనా, అచ్చం వాళ్ళ నాన్నే. ఫిషర్‌మ్యాన్ అన్నది ఒకటో క్లాసు పిల్లలు బొమ్మ చూసి చెప్పే మాట. పోచర్ అంటే అలాంటిది కాదు, తరతరాలుగా ఆ విద్యలో ఆరితేరినవాడన్న మాట అని తీర్మానించేసింది. ఆ తాతయ్య పగలు ఎందుకు వెళ్ళడు, గుర్రాల చప్పుడు వినపడితే తుప్పల్లో ఎందుకు దాక్కుంటాడు అన్న అనుమానం రావాల్సింది. నచ్చిన అర్థం ఒకటి దొరికాక ఇంక అనుమానాలెక్కడివి!

సరిగ్గా అప్పుడే లంకకి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. కొల్లేరు అభయారణ్యం కదా, సరస్సుని ఆక్రమించి గట్లు పోసి చేపల చెరువులు తవ్వుకున్నవాళ్ళ మీద ఎప్పటి నుంచో గొడవలు. దోనె మీద వెళ్ళి నాలుగు చేపలు పట్టుకుని బతికేవాళ్ళు వేరు. కానీ దూరం నుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకటిగానే కనపడతారు. ఈ వలలవాళ్ళని సరస్సులోకి వెళ్ళనివ్వాలా, ఆపెయ్యాలా అన్నది కమిటీ వాళ్ళు వచ్చి విని రాసుకుని వెళ్తారు. వాళ్ళు ఏం రాసుకుంటారన్న దాని మీదే లంకలో పొయ్యిలు వెలగడం ఆధారపడి ఉంది. "మన తరపున నువ్వు మాట్లాడమ్మా" అన్నాడు జగ్గారావు. ఊరంతా అదే మాట అంది.

ఊరి బడి వరండాలో కుర్చీలు వేశారు. కమిటీ పెద్ద, తల నెరిసిన ఒక మేడమ్. ఆవిడకి తెలుగు రాదు. మనవాళ్ళ మాటలు ఆవిడకి ఇంగ్లీషులో చెప్పడానికి ఏలూరు నుంచి సూర్యప్రకాశరావు అనే ఆఫీసరు గారిని పంపించారు.

"మీరు తెలుగులోనే చెప్పండమ్మా, నేను చెప్తాను మేడమ్‌గారికి" అన్నాడాయన.

"అక్కర్లేదండి. నాకొచ్చు" అంది చంద్రకళ.

మేడమ్ వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "మేడమ్, వుయ్ ఆర్ నాట్ ఎన్‌క్రోచర్స్" అని ఆగింది. రైల్లో పదిసార్లు సాధన చేసిన ఆగడం అది. తర్వాత ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, "వుయ్ ఆర్ పోచర్స్" అంది.

ఏమి ప్రాస! అర్థం కాకపోయినా చెవికి ఇంపుగా ఉందని ఊరంతా చప్పట్లు కొట్టారు. మేడమ్ కళ్ళద్దాలు తీసింది. "పోచర్స్?" అని మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ మాట..." అని సూర్యప్రకాశరావు ముందుకు వంగాడు. తన పని పోయిందని ఈయనకి కడుపుమంట అనుకుంది చంద్రకళ. "మీరు ఆగండి, నేను మాట్లాడుతున్నానుగా" అని ఆయన్ని అందరి ముందూ కసిరింది. ఆయన వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"యెస్ మేడమ్. ప్రౌడ్ పోచర్స్" అంది. ముందు వరసలో కూర్చున్న తండ్రి వైపు చెయ్యి చాపింది. "మై ఫాదర్. గ్రేటెస్ట్ పోచర్ ఆఫ్ కొల్లేరు."

తన గురించేనని జగ్గారావుకి తెలిసింది. లేచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, మేడమ్‌కి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. మేడమ్ ఆయన మొహంలోకి కాసేపు చూసి, తల వంచుకుని రాసుకుంది.

మర్నాడు స్కూల్లో చంద్రకళ ఈ విజయగాథంతా నాజియాకి చెప్పింది. ప్రాస దగ్గరికి వచ్చేసరికి నాజియా టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఆ మాట మన నవల్లోదేనాండీ?"

"మన నవల్లోదే. అంతా మీ పుణ్యమే."

"నవల పూర్తి చేశారాండీ?"

"ఎక్కడండీ, ఈ కమిటీ హడావుడిలో పడి పక్కన పెట్టేశాను."

నాజియా పుస్తకం అడిగి తీసుకుని చివర్లో ఒక పేజీ తెరిచి ఇచ్చింది. అక్కడ తాతయ్య చేతులకి బేడీలు వేసి తీసుకెళ్తున్నారు. దొరగారి ఏట్లో ఇన్నాళ్ళూ దొంగతనంగా చేపలు పట్టినందుకు. "పోచర్ అంటే దొంగవేట చేసేవాడండీ" అంది నాజియా. ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు ఆవిడే సిగ్గుపడుతున్నట్టు నెమ్మదిగా అంది.

"మరి ఊరివాళ్ళు అంత ప్రేమగా పిలిచేవారు కదండీ?"

"వాళ్ళకీ పంచిపెట్టేవాడు కదండీ, ఆ చేపలు."

చంద్రకళకి తల కొట్టేసినట్టయింది. మేం ఆక్రమణదారులం కాదండీ, దొంగలమండీ అని చెప్పింది తను. మా నాన్న అందర్లోకీ పెద్ద దొంగ అని వేలు పెట్టి చూపించింది. ఆపబోయిన పెద్దాయన్ని కసిరింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సాయంత్రం రైల్లో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంటే ఇంకొక సిగ్గు మెల్లగా బయటపడింది, అది మొదటిదానికంటే చెడ్డది. అసలు ఆ మాటతో పనేమొచ్చింది? ఫిషర్‌మ్యాన్ అని ఒకటో క్లాసు పిల్ల చెప్పినట్టు చెప్తే మేడమ్‌కి అర్థమయ్యేది కాదా? నాన్న చేసే పని తనకి నామోషీ. ఆ నామోషీ కప్పిపుచ్చుకోవడానికే పెద్ద మాట కావాల్సి వచ్చింది. ఇది ఏ నాజియా చెప్పక్కర్లేదు, చంద్రకళకే తెలుసు.

భీమడోలులో దిగి ఆటోల దగ్గరికి వచ్చేసరికి యేసమ్మ గొంతు వినపడింది. యేసమ్మది లంకే, అక్కడ తట్ట పెట్టుకుని చేపలమ్ముతుంది. ఎవరో కళ్ళజోడు పెట్టుకున్నాయన బేరమాడుతున్నాడు. "ఏవండీ, మరీ అంత తీసిపారేసి అడక్కండి. ఆషామాషీవాళ్ళం కాదు, పోచర్లమండీ మేము! ఢిల్లీ మేడమ్‌గారు రాసుకుని మరీ వెళ్ళారు" అంటోంది యేసమ్మ. ఆయన పకపకా నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వుతున్నాడో తెలియక మర్యాదకి యేసమ్మ కూడా నవ్వింది. చంద్రకళ ఆటో వెనక్కి నక్కి, ఆవిడ బేరం అయ్యేదాకా బయటికి రాలేదు.

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. కమిటీ ఇంకా ఏలూరు గెస్ట్ హౌస్‌లోనే ఉందని తెలిసి, తనొక్కతే వెళ్ళి సర్దేద్దామనుకుంది. పొద్దున్నే ఫోన్ చేస్తే సూర్యప్రకాశరావు అంతా విన్నాడు. మొన్నటి కసురు మాట ఎత్తలేదు. "నేను కూడా చెప్పి చూశానమ్మా మేడమ్‌గారికి. కానీ మీరు సంఘం తరపున చెప్పారు. అది కాదని సంఘం పెద్దే వచ్చి చెప్పాలంటున్నారు. మీ నాన్నగారిని తీసుకురండి" అన్నాడు.

"మేడమ్‌గారు నిన్ను రమ్మన్నారు నాన్నా" అని మాత్రం చెప్పింది. జగ్గారావు పెట్టెలోంచి తెల్లచొక్కా తీశాడు. ఒక డబ్బాలో నీళ్ళు పోసి రెండు కొర్రమీనులు వేశాడు. "ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామమ్మా, మన గురించి అంత బాగా రాసుకున్నావిడ దగ్గరికి?" అన్నాడు. ఆ డబ్బా వద్దని చెప్పాలంటే అంతా చెప్పాలి. చంద్రకళ వద్దనలేదు.

గెస్ట్ హౌస్ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల ఇంకెవరో ఉన్నారట. డబ్బా జగ్గారావు కాళ్ళ దగ్గర ఉంది. నీళ్ళు తొణికినప్పుడల్లా ఆయన చేత్తో ఆనించి పట్టుకుంటున్నాడు.

"నాన్నా, ఆ రోజు నేను చెప్పిన మాట తప్పు."

"ఏ మాటమ్మా?"

"పోచర్. చేపలు పట్టేవాళ్ళని కాదు దాని అర్థం. దొంగతనంగా పట్టేవాళ్ళని. నాకు తెలీదు నాన్నా. నవల్లో చూసి నేనే అనేసుకున్నాను. గొప్పగా ఉంటుందని వాడాను."

జగ్గారావు కూతురి వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి డబ్బా మీద కప్పాడు. కప్పి, కాలితో బల్ల కిందికి తోశాడు.

లోపలికి పిలిచారు. జగ్గారావు మేడమ్ ముందు నిలబడి "మేము దొంగలం కాదండీ. చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. పిల్ల తెలియక చెప్పింది" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. సూర్యప్రకాశరావు అదంతా ఇంగ్లీషులో చెప్పాడు. అందులో ఫిషర్‌మెన్ అన్న మాట చంద్రకళకి స్పష్టంగా వినపడింది. ఎంత చిన్న మాట అది. మేడమ్ తల ఊపి రాసుకుంది. ముందు చెప్పింది కొట్టెయ్యడానికి కుదరదని, దాని కిందే ఇది కూడా ఉంటుందని, చదివేవాళ్ళు రెండూ చదువుతారని చెప్పింది. ఏం తేలుతుందో ఆవిడ చేతుల్లో కూడా లేదట. చంద్రకళ ఇంగ్లీషులో సారీ చెప్పాలనుకుంది గానీ చెప్పకుండానే తండ్రి వెనక నడిచింది.

బయటికి వచ్చాక జగ్గారావు వంగి బల్ల కింద నుంచి డబ్బా తీసుకున్నాడు. తువ్వాలు దాని మీదే ఉంచేశాడు. "ఇలా ఇయ్యి నాన్నా, నేను పట్టుకుంటాను" అంటే ఇవ్వలేదు. స్టేషను దాకా ఇద్దరూ నడిచారు. ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడ్డాక అప్పుడు నోరు విప్పాడు.

"మేడమ్‌గారు అవునా అని ఇంకోసారి అడిగారు కదమ్మా."

"అడిగారు నాన్నా."

"నువ్వు నన్ను చూపించావు."

చంద్రకళ డబ్బా మీది తువ్వాలు వంక చూసింది.

"నేను లేచి దణ్ణం పెట్టాను" అన్నాడు జగ్గారావు.