అతికించిన నవ్వు

చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే గలగలకి అన్యాయం. కాబట్టి చెప్పడమే మంచిది.

ఇద్దరు స్నేహితులు కలిసి వారం వారం ఒక కామెడీ పాడ్‌కాస్టు చేస్తుండేవారు. దానికి 'వినేవాడు లోకువ' అని పేరు పెట్టింది కళ్ళజోడు. అతనికి ఇంకో పేరు ఉందనే సంగతి ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు. పని కళ్ళద్దాల దుకాణంలో. ముక్కు మీద ఒక జత, నెత్తి మీద ఇంకో జత లేకుండా కనబడడు. రెండోవాడు జిరాక్సు మిషన్లు బాగుచేసే గలగల. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి పొడి, నోటినిండా నవ్వు. ఆ నవ్వుకే ఆ పేరు.

సోమవారం మధ్యాహ్నం దుకాణానికి సెలవు. ఆ పూట వెనకవైపు కంటి పరీక్ష గదిలో, అక్షరాల బోర్డుకి ఎదురుగా, రెండు మైకులు పెట్టుకుని కూర్చునేవారు. కిటికీ లేని గది, మూడు వైపులా నల్ల తెరలు, బయట లారీ పోయినా లోపలికి వినబడదు. ఫ్యాను మాత్రం ఆపాలి, దాని మూలుగు మైకులో పడుతుంది. అలా చెమటలు కక్కుకుంటూ లోకాన్ని నవ్వించేవారు.

జోకులు కళ్ళజోడువి, నవ్వు గలగలది. షోకి ప్రాణం మాత్రం ఆ నవ్వే. సన్నగా ఈలలా మొదలై, మధ్యలో ఊపిరి అందక ఆగిపోయి, బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిచాక భళ్ళున బయటపడేది. వినేవాళ్ళు ముచ్చటపడి రాసేది దాని గురించే. ఆ సంగతి కళ్ళజోడుకి తెలుసు, తెలిసి కాస్త కడుపుమంట కూడా. "వాడిదేముందిలే, జోకు పడితే బండరాయైనా నవ్వుతుంది" అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

ఎవరి మైకు వాళ్ళది కాబట్టి ఎవరి గొంతు వాళ్ళది విడిగా రికార్డయ్యేది. ఒకసారి గలగల నవ్వుతుండగా ఎవరో వచ్చి గది తలుపు దబదబా బాదారు, నవ్వు పాడైంది. కళ్ళజోడు అంతకుముందు వారం నవ్వొకటి తెచ్చి అక్కడ అతికించాడు. అతుకు ఎవరికీ తెలియలేదు. ఇంకేముంది, రుచి మరిగాడు. మంచి నవ్వులన్నీ ఏరి కంప్యూటర్లో ఒకచోట దాచిపెట్టాడు. చిన్నవి, పెద్దవి, దగ్గుతో ముగిసేవి, బల్ల చరుపుతో సహా ఉన్నవి. తన జోకు చప్పగా పడినచోటల్లా ఒకటి తీసి వేసేవాడు. గలగల పట్టుకునే ప్రమాదం లేదు. తన గొంతు తను వినాలంటే వాడికి ఒళ్ళు జలదరిస్తుంది, ఇన్నేళ్ళలో ఒక్క ఎపిసోడు విన్న పాపాన పోలేదు. "నువ్వు చూసుకుంటావుగా" అని వదిలేసేవాడు.

ఒక సోమవారం 'నన్నెవరనుకున్నారు?' అనే విషయం మీద మాట్లాడుకున్నారు. కళ్ళజోడు తనని డాక్టరనుకుని మోకాలి నొప్పి చెప్పుకున్న ముసలావిడ గురించి చెప్పాడు. తరువాత గలగల వంతు. వాడు వాళ్ళ నాన్న సంగతి ఎత్తుకున్నాడు.

ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఆయనకి మనుషులు గుర్తుండేవారు కాదు. ఒకరోజు పొద్దున్నే కొడుకు వెళ్తే గడ్డం గీసేవాడు వచ్చాడనుకున్నాడు. ఇంత ఆలస్యమా అని కసిరి, గడ్డం ముందుకు చాపి, "సాయంత్రం మా అబ్బాయి వస్తాడు, నున్నగా గీయి" అన్నాడు. నవ్విద్దామనే మొదలుపెట్టాడు గలగల. ఆ మాట దాటి రెండు ముక్కలు చెప్పేసరికి ఏడ్చేశాడు. కళ్ళజోడు ఏదో సర్దిచెప్పి రికార్డింగు ముందుకి నడిపించాడు.

బుధవారం పొద్దున దుకాణం తెరవకముందు ఎపిసోడు కూర్చుకుంటూ విన్నాడు. అక్కడిదాకా పొంగు మీదున్న షో ఆ చోట చల్లబడిపోయింది. నున్నగా గీయమన్న మాట తరువాతిదంతా, ఏడుపుతో సహా, కోసేశాడు. ఖాళీ పెద్దదిగా కనబడింది. దాచిన వాటిల్లోంచి అన్నిటికన్నా పెద్ద నవ్వు, బల్ల చరుపుది, తీసి అక్కడ పెట్టాడు. చక్కగా కుదిరింది. కుదిరిందని మురిసిపోయాడు కూడా, ఆ మాట దాచడమెందుకు?

గలగలకి మిగిలిన రక్తసంబంధం అక్క ఒక్కతే. యూనిఫారాలు కుట్టే చోట సూపర్‌వైజరు, ఆమె కింద ముప్పై మంది ఆడవాళ్ళు మిషన్ల మీద పనిచేస్తారు. గురువారం టీ వేళకి తమ్ముడి షోని స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించడం ఆమె ముచ్చట. నాన్న ప్రస్తావన వచ్చేసరికి ఆమె స్పీకరు దగ్గరికి జరిగింది. నున్నగా గీయమన్న మాట అయ్యిందో లేదో, తమ్ముడి నవ్వు భళ్ళున పడింది. ఆ నవ్వు వింటే ఎవరూ ఆగలేరు కదా, ముప్పై మందీ నవ్వారు. ఆమె స్పీకరు తీగ పీకేసింది.

ఇదంతా కళ్ళజోడుకి తరువాతి సోమవారం తెలిసింది. గలగల వచ్చి, మైకు ముందు కూర్చుని, దాని వైరుని వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. అక్క ఫోను చేసిందట. నాన్న పోయేటప్పుడు పక్కన నువ్వొక్కడివే ఉన్నావు, అప్పుడూ ఇలాగే నవ్వావా అని అడిగిందట. ఇక తన గడప తొక్కొద్దందట.

"ఏడ్చాననే గుర్తురా నాకు," అన్నాడు గలగల. "కానీ ముప్పై మంది విన్నారంటోంది. నిజంగానే నవ్వానా?"

అదిగో, చెప్పాల్సిన క్షణం అది. నేనే అతికించానురా అంటే సరిపోయేది. కళ్ళజోడు నోరు తెరిచాడు కూడా. అయితే ఒక్క నవ్వు సంగతి చెబితే మిగతా నవ్వుల సంగతీ చెప్పాలి, తన జోకుల బతుకంతా బయటపడుతుంది. ఆ భయంలో నోటికి ఇంకో మాట వచ్చింది.

"అలవాటులో వచ్చేసి ఉంటుందిలేరా. నువ్వు కావాలని నవ్వుతావా ఏంటి."

గలగల తలూపాడు. నమ్మేశాడు! తను ఏడ్చిన ఏడుపుని కాదని స్నేహితుడి మాట నమ్మాడు. అంత నమ్మకం ఉన్నవాణ్ణి మోసం చెయ్యడానికి తెలివేం అక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు. కళ్ళజోడుకి సిగ్గు ఉంది. ఉండీ చేశాడు కాబట్టే ఆ రోజునుంచి అతనికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు.

గలగల మనిషే మారిపోయాడు. నవ్వు వస్తే చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఆ తరువాత నవ్వడమే మానేశాడు. ఒక ఆఫీసులో మిషను బాగుచేస్తుంటే ఎవరో జోకు వేశారట, వీడు సామాన్ల సంచి తీసుకుని బయటికి వచ్చేశాడట. "నా నోటి మీద నాకే నమ్మకం పోయిందిరా," అన్నాడు ఒకరోజు. మైకు ముందు మాత్రం మాట తప్పకుండా వచ్చి కూర్చునేవాడు. ఆ వారాల ఎపిసోడ్లలో వాడు ఒక్కసారైనా నవ్వితే ఒట్టు. కళ్ళజోడు పాత నవ్వులే తెచ్చి వరసగా అతికించాడు. మీ ఫ్రెండు ఈసారి పడీపడీ నవ్వాడని వినేవాళ్ళు రాస్తే చదవలేక ఫోను మూసి పక్కన పెట్టాడు.

దుకాణంలో తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఒకాయన కొత్త అద్దాలు పెట్టుకుని చూసి, "ఏదో తేడాగా ఉందండీ, మీకు తెలిసే ఇచ్చారా?" అంటే కళ్ళజోడు లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అడగకుండానే నాలుగుసార్లు క్షమించమన్నాడు. ఆయన అడిగింది ఫ్రేము వంకర గురించి. అసలు రికార్డింగుని మూడుసార్లు చెరిపేద్దామనుకున్నాడు, ఒకసారి చెరిపి మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నాడు. చెప్పే ధైర్యం లేదు, చెరిపే ధైర్యమూ లేదు.

మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం పొద్దున గలగల వచ్చాడు. అక్క దగ్గరికి తోడు రమ్మన్నాడు. చిన్నప్పటినుంచీ ఆమె కళ్ళజోడుని మా రెండో తమ్ముడనే చెప్పుకుంటుంది. నువ్వు చెబితే వింటుంది, వాడికి అలవాటక్కా, నాన్నని చూసి నవ్వలేదని చెప్పు చాలు అని బతిమాలాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"కంప్యూటరు తీసుకురా. ఆ ముక్క అక్క ముందే వింటాను. ఎలా నవ్వానో నాకూ తెలియాలిగా, తెలియకుండా క్షమించమని ఎలా అడుగుతాను?"

కంప్యూటరు సంచి భుజాన వేసుకుని కళ్ళజోడు వెంట వెళ్ళాడు. అక్క తలుపు తీసింది, తమ్ముడి ముఖం చూడలేదు, కళ్ళజోడుని మాత్రం కూర్చోమంది. రెండు గదుల ఇల్లు. ఇస్త్రీ బల్ల మీద సగం మడతపెట్టిన చొక్కాలున్నాయి. ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. గలగల గుమ్మం పక్కనే, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు నిలబడ్డాడు. ఇల్లు నాన్నది, పెరిగింది ఇద్దరూ అక్కడే.

కళ్ళజోడు కంప్యూటరు తెరిచాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, జనం విన్నదీ అసలుదీ. మొదటిది పెడితే గలగల తన నవ్వు తను విని, తలవంచి క్షమించమంటాడు. అక్క ఎప్పటికో ఒకప్పటికి క్షమిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. గలగల ముఖం వంక చూశాడు. తప్పు చేసిన పిల్లాడిలా రెండు చేతులూ ముందుకు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. కళ్ళజోడు అసలుది పెట్టాడు.

"...'సాయంత్రం మా అబ్బాయి వస్తాడు, నున్నగా గీయి' అన్నాడ్రా." తరువాత కుర్చీ కిర్రుమంది. "గీశాన్రా. తెగకుండా గీశాను. అయ్యాక చెంపలు తడుముకుని, 'మావాడు చూస్తే సంతోషిస్తాడు' అన్నాడు." అక్కడ వెక్కిళ్ళు మొదలయ్యాయి. ఆ వెక్కిళ్ళ మీద కళ్ళజోడు గొంతు వినబడింది. చాలా మామూలుగా ఉంది. "ఒరేయ్, ఇది కామెడీ షోరా. ఏడుపెవడు వింటాడు? ముక్కు తుడుచుకో, తరువాతి సంగతికి పోదాం."

ముందు కదిలింది గలగల.

"అక్కా, నేను నవ్వలేదక్కా," అన్నాడు. ఏడుస్తూ, ముఖమంతా వెలిగిపోతూ, "చూశావా, నవ్వలేదు!" అంటూ వచ్చి కళ్ళజోడు భుజం పట్టుకుని ఊపాడు. "ఎక్కడ దొరికిందిరా ఇది? నాకోసం ఎంత వెతికావో! ఏదో పొరపాటున ఆ నవ్వు వచ్చి పడుంటుంది, కదూ? ఇవాళే దొరికిందా?"

అవునంటే చాలు. వాడే ప్రశ్న అడిగి, వాడే జవాబు అందించి, వాడే క్షమించేశాడు. కళ్ళజోడుకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చెంప పగలగొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"పొరపాటు కాదు. నేనే పెట్టాను," అన్నాడు. "నువ్వొచ్చి నిజంగానే నవ్వానా అని అడిగిన రోజు కూడా నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను."

గలగల చెయ్యి కాసేపు భుజం మీదే ఉండిపోయింది. తరువాత మెల్లగా తీసేశాడు. అరుస్తాడేమో, తిడతాడేమో అని కళ్ళజోడు ఆశపడ్డాడు. గలగల అలాంటిదేమీ చెయ్యలేదు.

"మూడు వారాలు నన్ను చూస్తే నాకే అసహ్యమేసిందిరా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు ఎదురుగానే కూర్చున్నావు కదా."

కళ్ళజోడుకి క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు. కంప్యూటరు మూసి లేవబోయాడు.

"ఉండు," అంది అక్క. రికార్డింగు విన్నాక ఆమె అన్న మొదటి మాట అదే. "ఇంకోసారి పెట్టు. నాన్న మాటలు ఆ రోజు నేను పూర్తిగా వినలేదు."

పెట్టాడు. నున్నగా గీయమన్నాడు నాన్న. మావాడు సంతోషిస్తాడన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వెక్కిళ్ళు వచ్చాయి. తన గొంతు వచ్చేలోపు ఆపేద్దామని కళ్ళజోడు చెయ్యి ముందుకెళ్ళింది. ఆపమని ఎవరూ అనలేదు, అడక్కుండా ఆపే హక్కు తనకి లేదనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏడుపెవడు వింటాడని తన గొంతు అడిగింది.

"మళ్ళీ," అంది ఆమె.

ఈసారి గలగల వెళ్ళి అక్క పక్కన చేరాడు. ఆమె జరిగి చోటిచ్చింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని నాన్న మాటలు విన్నారు. ఆ తరువాత వచ్చే కళ్ళజోడు మాటలు కూడా, అతను ఎదురుగా కూర్చుని ఉండగానే, చివరిదాకా విన్నారు.