పక్క కొట్టు సంగతి

మార్కాపురంలో చిన్న వ్యాపారాలు ఎలా పెరుగుతున్నాయన్నదే వాసవి పరిశోధన. ఏ దుకాణం మెట్లెక్కినా ఒకటే జవాబు: "ఏముందమ్మా, ఏదో నడుస్తాంది." గుమ్మంలో జనం తోసుకుంటున్నా అదే పాట. బాగుందంటే దిష్టి తగులుతుందని భయం.

ఆమెకు ఒక ఆలోచన తట్టింది. "పక్క కొట్టు ఎట్లుంది చిన్నాయనా?" అని పలకల వ్యాపారి పుల్లారావును అడిగింది.

"వాళ్లకేంది తల్లీ, గిద్దలూరులో ఇంకో కొట్టు తెరిచినారు."

పక్క కొట్టాయనను అడిగితే, పుల్లారావు కొత్త మిషను పెట్టించిన సంగతి చెప్పాడు. ఇలా ఒకరి గుట్టు ఇంకొకరి నోట విని, సాయంత్రానికల్లా బజారంతా పెరుగుతోందని తేల్చుకుంది.

అంతలో కనిగిరిలో కిరాణా నడిపే నాయన ఫోన్ చేశాడు. "నీ పరిశోధన ఎట్ల సాగుతాందమ్మా?"

వాసవి ఉత్సాహంగా నోరు తెరిచి, చప్పున సర్దుకుంది.

"ఏముంది నాయనా, ఏదో నడుస్తాంది."