ఝాన్సీ పట్టిన పథ్యం

చేపల పులుసు దించి, పక్క పొయ్యి మీద ఉప్పూ నూనే లేని బీరకాయ కూర పడేసింది ఝాన్సీలక్ష్మి. పులుసు మొగుడు నరసింగరావుకి, చప్పిడి కూర తనకి. జబ్బెవరిదంటారా? అతనిదే. పదిహేనేళ్లు తాగి లివరు పాడుచేసుకున్నదీ అతనే.

ఈ ఏర్పాటు అత్త అప్పలనరసమ్మది. పసరు వైద్యుడు పథ్యం చెప్పిన రోజునే తేల్చేసింది. "ఆడు పొలంలో దిగీ మనిసి. సప్పిడి కూడు తింటే నిలబడగలడేటే? నువ్వు పట్టు. మేనరికం కదా, మీ ఇద్దరిదీ ఒకే రక్తం. ఎవులు పట్టినా ఒకటే." తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ ఇంట్లో పిడికిళ్లన్నీ ఝాన్సీవే. మేనత్త మాటకి ఎదురాడటం ఆమెకి చిన్నప్పట్నుంచీ చేతకాదు. పైగా బావంటే ప్రాణం. ఆర్నెల్లుగా నోరు కట్టుకుంది. ఒక్కసారి మాత్రం చెల్లెలు దేవి బతిమాలితే, వాళ్లింట్లో రెండు చేప ముక్కలు తినేసింది. అప్పట్నుంచీ అతను కాస్త నలతగా కనిపిస్తే చాలు, గుండెల్లో రాయి పడేది.

వారం కిందట అతనికి చేసిన రక్తపరీక్ష ఫలితం ఆ రోజే వస్తుంది. బొబ్బిలిలో బస్సెక్కి ఇద్దరూ విజయనగరం ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు సుహాసిని కాగితం చూసి కళ్లజోడు తీసింది.

"కడుపు కొయ్యకుండా, రక్తంలో కొన్ని గుర్తుల్ని బట్టి లివరు లోపల ఎంత మచ్చకట్టిందో అంచనా వేస్తామని అప్పుడే చెప్పాను. ఆ అంకె ఆర్నెల్ల కిందట తొమ్మిదిన్నర. ఇప్పుడు పదిన్నర దాటింది. మచ్చ పెరుగుతోంది."

ఝాన్సీ ఏడ్చేసింది. "తప్పు నాదేనమ్మా. నాను పత్యం తప్పాను. రెండు సేప ముక్కలు తిన్నాను."

"మీరా? మీకెందుకు పథ్యం?"

ఝాన్సీ అంతా చెప్పింది. అత్త మాట, మేనరికం, ఒకే రక్తం. డాక్టరమ్మ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"చూడమ్మా, ఈ గుర్తులు ఆయన లివరు నుంచి ఆయన రక్తంలోకి వచ్చినవి. మీరు ఏడాది పస్తున్నా ఇందులో ఒక్క అంకె కదలదు. ఆయన మందు మానాలి, అంతే." ఆమె నరసింగరావు వైపు తిరిగింది. "ఇంకా తాగుతున్నారా?"

అతను నేలకేసి చూశాడు. ఆమె పథ్యంతో తన లివరు బాగుపడదని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ తెలుసు. తాగొచ్చి పులుసన్నం తింటూ, ఎదురుగా ఆమె చప్పిడి ముద్ద మింగలేక మంచినీళ్లు తాగుతుంటే చూస్తూనే ఉన్నాడు.

ఝాన్సీకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకన్నా ముందు అతని చేతి వాచీ కంటపడింది. మణికట్టు బక్కచిక్కి, వాచీ వదులు గాజులా తిరుగుతోంది. ఆ చెయ్యి పట్టుకునే బయటికి తీసుకొచ్చింది.

గేటు దాటకముందే అత్త ఫోను. "ఏటన్నాదే డాక్టరమ్మ? పత్యం ఇంకెన్నాళ్లు సెయ్యాలంట?"

ఝాన్సీ ఫోను మొగుడి చేతిలో పెట్టింది.

"బావా, అత్త అడగతన్నాది. ఎన్నాళ్లు సేస్తావో నువ్వే సెప్పు."

అతను ఫోను తిరిగి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. అతని రెండో చెయ్యి మాత్రం వదల్లేదు.