సంధ్య రెండో కాన్పు

శుక్రవారం పొద్దున ఆపరేషన్‌కు మంచి ముహూర్తం ఉందని కొండవ్వ గుడి అయ్యగారిని అడిగి తెలుసుకుని వచ్చింది. కోడలు సంధ్యకు నెలలు నిండాయి. మొదటి కాన్పు ఆపరేషనే కాబట్టి రెండోదీ అంతేనని ఇంట్లో అందరూ అనుకున్నారు.

"నేను నొప్పులొచ్చేదాక చూస్త అత్తమ్మా," అంది సంధ్య.

"పాత కుట్టు పిగిలితే ఎవరు జవాబు చెప్తరు?"

భివండీ మరమగ్గాల పని నుంచి సెలవు మీద వచ్చిన రమాకాంత్ ఆ మాటకు పాలిపోయాడు. భార్యను ఆపాలో, తల్లిని ఆపాలో అతనికి తెలియలేదు.

మర్నాడు ముగ్గురూ సిద్దిపేట దవాఖానకు వెళ్లారు. డాక్టర్ మైత్రి పాత కాగితాలు చూసింది.

"అప్పుడు బిడ్డ ఎదురుకాళ్లతోని ఉండె, అందుకే కోసిన్రు. ఇప్పుడు తల కిందికే ఉన్నది. నార్మల్ కావొచ్చు. కానీ రెండు వందల మందిల ఒకరికి కుట్టు పిగులుతది. అట్లయితే ఇద్దరికీ ప్రమాదమే. ఆపరేషన్‌కు పోతే గా భయం తక్కువ, కానీ రక్తం పోవుడు, కోలుకునుడు ఆలస్యం. ముందుముందు కాన్పులు ఇంక కష్టమైతయి."

"మీరైతే ఏం చేస్తరు మేడం?" అన్నాడు రమాకాంత్.

"కడుపు ఆమెది. ఆమెనే చెప్పాలె."

సంధ్య డాక్టరు వైపు తిరిగింది. "ఇంట్ల మా పెద్ద పిలగాడు ఉన్నడు. ఈయన భివండీ పోతడు. నేను జల్ది లేచి తిరగాలె. నార్మల్‌కే చూస్త. బిడ్డ గుండె మాత్రం చూస్తనే ఉండాలె. తేడా వస్తే దాచకుండ నాకే చెప్పాలె."

"చెప్త," అంది మైత్రి.

శుక్రవారం దాటింది. కొండవ్వ కోడలితో మాట్లాడటం మానేసింది. ఆదివారం నొప్పులు మొదలయ్యాయి.

దవాఖానలో సంధ్య పొట్టకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడూ నొప్పులూ చూపే మిషన్ పెట్టారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె రమాకాంత్ చేయి నలిపేసేది. తగ్గగానే వదిలేసేది. మధ్యాహ్నానికి అంతా బాగానే ఉందని నర్సు చెప్పింది.

తర్వాత ఒక నొప్పి తగ్గిందని మిషన్ చూపించింది గానీ సంధ్య చేయి వదల్లేదు.

"ఇది పోతలేదు," అంది. "కుట్టు కాడనే మంట. మేడంను పిలువు."

నర్సు మిషన్ వంక చూసింది. బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. మైత్రి పరుగున వచ్చి కుట్టు మీద చేయి పెట్టి చూసింది.

"సంధ్యా, బిడ్డ గుండె తగ్గుతున్నది. కుట్టు మీద నాకు అనుమానం ఉన్నది. ఇప్పుడే ఆపరేషన్ చేద్దామంటున్న. నువ్వేమంటవ్?"

సంధ్య క్షణం కూడా ఆలోచించలేదు.

"చేయండి."

తలుపు మూసుకుంది. బయట కొండవ్వ గొణిగింది: "శుక్రవారం నా మాట వింటే..."

"అవ్వా, ఇప్పుడు కాదు," అన్నాడు రమాకాంత్. ఆమె వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. ఇద్దరికీ లోపలి నుంచి ఏ శబ్దమూ రాని ఆ కాసేపు ఒక పూటలా గడిచింది.

ఆడపిల్ల ఏడుపు వినబడింది.

కుట్టు పల్చబడిందనీ, పిగలలేదనీ, సంధ్య వెంటనే చెప్పడం మంచిదైందనీ మైత్రి చెప్పింది.

సాయంత్రం రమాకాంత్ భార్య మంచం పక్కన కూర్చున్నాడు. "నార్మల్ కాలేదని బాధైతుందా?"

"అయితుంది," అంది సంధ్య. "పోయినసారి నన్నెవరూ అడగలే. ఈసారి అడిగి కోసిన్రు."

కొండవ్వ మనవరాలిని ఎత్తుకుని కిటికీ వెలుగులోకి వెళ్లి, ముక్కు ఎవరి పోలికో చూస్తూ నిలబడింది.