స్వర్గీయ శ్రీహరి గారి కుటుంబ సభ్యులకు

మెసేజ్ వచ్చినప్పుడు నేను పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ కోస్తున్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను చూశాను. మా ఆయన పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ నుంచి. అక్కడ ఆయన ఇచ్చింది నా నంబరే. నేను చదివింది ఏడో తరగతి. కూడబలుక్కుని చదివాను.

'స్వర్గీయ శ్రీహరి గారి కుటుంబ సభ్యులకు. మరణ ధ్రువపత్రం జిరాక్సుతో మా సంక్షేమ విభాగానికి రాగలరు.'

శ్రీహరి అంటే మా ఆయన. పొద్దున నేనిచ్చిన టీ తాగి, చక్కెర తక్కువైందని సణిగి డ్యూటీకి వెళ్లిన మనిషి.

దేనికైనా ముందు చెడే తలుస్తానని ఇంట్లో నన్ను చూసి నవ్వుతారు. వాన పడితే కరెంటు తీగ తెగిందేమో అంటాను. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందేమో అంటాను. కానీ అచ్చు అక్షరాల్లో, 'గారు' అని మర్యాదగా వస్తుందని మాత్రం ఎన్నడూ తలచలేదు.

ఆయనకు ఫోన్ చేస్తే స్విచాఫ్. లోపలికి వెళ్లేముందు ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని తెలుసు. తెలిసినా ఇంకో రెండుసార్లు చేశాను. మా బిడ్డ పూర్ణిమ అదే ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. దానికి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తే బిజీ. నాకెట్లా చెప్పాలో తెలియక ఎత్తడం లేదనుకున్నాను.

కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు కదులుతుంటే ఎక్కాను. ఆడవాళ్ల ఫ్రీ టికెట్‌కు కండక్టరమ్మ ఆధార్ అడిగింది. తేలేదు. ఫోనులో ఆ మెసేజే చూపించాను. ఆమె చదివి, నా ముఖం చూసి, టికెట్ నా చేతిలో పెట్టింది.

"కూర్చోమ్మా. గేటు కాడే ఆపిస్తా."

దారంతా ఫ్యాక్టరీలోని పాత కంప్యూటరే కళ్లలో మెదిలింది. బీరువా అంత ఉంటుంది, నల్లగా. తెర మీద పచ్చటి అక్షరాలు. ఆయుధపూజ నాడు కుటుంబాలను లోపలికి రానిస్తే చూశాను. దానికి నిమ్మకాయ కట్టి బొట్లు పెట్టారు. అది చెడిపోతే బాగుచేసేవాళ్లు దొరకడం లేదని, అందులోని కార్మికుల వివరాలన్నీ టేబుల్ మీద పెట్టుకునే మామూలు కంప్యూటర్లోకి మార్చే పని పూర్ణిమకు అప్పగించారు.

"బిడ్డా, దాని జోలికి పోకు. నిప్పంటుకుంటదేమో" అన్నాను.

"నేను పొయ్యి కాడ కూసుంటలేనమ్మా, కీబోర్డు కాడ కూసుంటున్న" అని నవ్వింది.

అదే పేలింది. బిడ్డను కాపాడబోయి ఆయన పోయాడు. బస్సు హుజూర్‌నగర్ దాటేసరికి నా మనసులో అంతా జరిగిపోయింది.

గేటు ముందు ఆడవాళ్లు. రోడ్డు సగం దాకా ఆడవాళ్లే. కొందరు మట్టిలో కూలబడి ఏడుస్తున్నారు. ఇంత మందికా! తండా నుంచి వచ్చిన నీలా వాచ్‌మన్ చొక్కా పట్టుకుని ఊపేస్తోంది.

"మా ఫకీరాను సూపియ్యి. పీనుగనైనా సూపియ్యి!"

"అమ్మా, లోపల ఎవ్వరు సావలే! నేను సచ్చిన్నని మా ఇంటికి గూడ మెసేజ్ పోయింది. నేను సచ్చిన్నా?"

"నీ ముచ్చట నాకెందుకు? మా ఆయనేడి?"

అప్పుడు సైరన్ మోగింది. పని ఆపించి అందరినీ బయటికి పంపినట్టున్నారు. సిమెంటు పట్టిన ముఖాలతో మగవాళ్లు వచ్చారు. నీలా పరుగెత్తి ఫకీరా వీపు మీద రెండు గుద్దులు గుద్ది, ఆ వీపునే పట్టుకుని ఏడ్చింది. మా ఆయన అందరికంటే వెనక, టిఫిన్ డబ్బాతో వచ్చాడు.

"ఏమే, నువ్వెందుకొచ్చినవ్?"

చెయ్యి పట్టుకుని చూశాను. వేడిగా ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పూర్ణిమ నెత్తురు చుక్క లేని ముఖంతో వచ్చింది.

"నాదే తప్పమ్మా. పేర్లు సరిపోయినయ్, ఫోన్ నంబర్లు సరిపోయినయ్. పాతదాంట్ల పేరు పక్కన సచ్చిపోయినోళ్లకు ఒకటి, బతికున్నోళ్లకు సున్న. కొత్తదాంట్ల బతికున్నోళ్లకే ఒకటి ఉండాలె. నేను తిప్పకుండ ఉన్నదున్నట్టు దించిన. బతికినోళ్లంత సచ్చిండ్రు, సచ్చినోళ్లంత బతికిండ్రు."

"నౌకరి పోతదా?" అన్నాను.

"తెల్వదు. ముందుగాల సరిచేసి, అందరికి మళ్ల పంపాలె" అంటూ లోపలికి ఉరికింది.

"మన బిడ్డ ఫ్యాక్టరీ మొత్తాన్ని చంపిందే" అని ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు.

ఆయనా నేనూ ఎదురుగా హోటల్ బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే ఆటోలోంచి ఒకామె దిగింది. లచ్చమ్మ. మునుపు కోదాడలో మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేది. ఆమె భర్త పాండు మా ఆయనతోనే పనిచేసేవాడు. ఒకనాడు డ్యూటీ దిగి ఇంటికి చేరలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఏళ్లు గడిచాక కోర్టు కాయితంతో చనిపోయినట్టు రాయించుకుని, ఆమె పుట్టింటికి, తుంగతుర్తికి వెళ్లిపోయింది.

"సుగుణక్కా!" నన్ను చూడగానే దాదాపు పరుగున వచ్చింది. "పొద్దుగాల మెసేజ్ ఒచ్చింది, మా ఆయన పేరు మీద. పక్కింటామె సదివి చెప్పింది. పాండు గారూ, రేపు కంటి పరీక్ష ఉంది, తప్పక రావాలె అని. సూర్యాపేటల బస్సు మారి ఉరికొచ్చిన. ఆఫీసోళ్లకు కనవడ్డడన్నట్టే గద? కనవడకుంటే ఎందుకు పిలుస్తరు?"

సంచి తెరిచి చూపించింది. ఇస్త్రీ చేసిన అంగీ, లుంగీ.

"ఏ బట్టల మీదున్నడో ఏమో. సచ్చిండని ఏలిముద్ర ఏసింది నేనే గదక్కా. వస్తె కొడ్తడేమో" అని నవ్వింది.

చెడు మాట ఎప్పుడూ నా నాలుక చివరే ఉంటుంది. అప్పుడు మాత్రం నా టీ గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

నా ఫోను మోగింది. 'శ్రీహరి గారూ, రేపు ఉచిత కంటి పరీక్ష. తప్పక రాగలరు.' వెంటనే లచ్చమ్మ ఫోను కూడా మోగింది.

"సూడక్కా, ఎన్ని గంటలకు రమ్మన్నరో."

అందుకుని చూశాను. పొద్దున నాకు వచ్చిన మాటలే. పేరొక్కటే వేరు.

"నువ్వు జర అవతలికి పో" అన్నాను మా ఆయనతో.

"ఎందుకే?"

"పోవయ్యా."

పక్కనే ఆయన ఉంటే నేనది చదవలేను. ఆయన టీ గ్లాసుతో రోడ్డు దాటి వెళ్లాడు. లచ్చమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి మొదలుపెట్టాను.

"స్వర్గీయ..."

ఆ ఒక్క మాటకే ఆమె వంగి సంచి మూతి ముడివేసింది. గట్టిగా, రెండోసారి కూడా వేసింది.

"సదువక్కా" అంది. "మొత్తం సదువు."