మాను మీద జారే నీళ్ళు

ఠంగ్.

ఠంగ్... ఠంగ్...

థప్.

చప్పుడు ఎక్కడ మారితే నీళ్ళు అక్కడిదాకా ఉన్నట్టు. ప్రతి పొద్దునా గ్వెన్ వేలి కణుపులతో రేకు ట్యాంకును పైనుంచి కిందికి తట్టుకుంటూ వస్తుంది. కిందటేడు భుజం దగ్గర మారిన చప్పుడు ఈ ఏడు మోకాలి దగ్గరికి దిగింది. ఇంటి కప్పు మీద పడ్డ వానే ఆ ట్యాంకులోకి చేరుతుంది. తాగినా, వండినా, ఒళ్ళు కడుక్కున్నా ఆ నీళ్ళే. బోరు నీళ్ళు ఒట్టి ఉప్పు. వాటిని గొర్రెలే తాగాలి.

పద్నాలుగు నెలలుగా వాన లేదు.

ఎండ... దుమ్ము... మళ్ళీ ఎండ.

అయినా గ్వెన్ హుషారుగానే ఉంది. పెరట్లో తెల్ల జామాయిల్ చెట్టు మీద, కొమ్మల పంగలో, బిస్కెట్ కూర్చుని ఉన్నాడు కదా!

బిస్కెట్ — బూడిదరంగు కోలా పిల్లాడు. తల్లి రోడ్డు మీద కారు కింద పడిపోతే, దాని పొట్టసంచిలో ఇంకా బతికున్న గుప్పెడంత పిల్లని తెచ్చి గ్వెన్ చేతిలో పెట్టారు. ఏడాది పెంచింది. పాలు పట్టింది. తన ఉన్ని టోపీలో పడుకోబెట్టింది. గూడు తలుపు తీసేసి ఇప్పటికి నెలయింది. ఇక చెట్టు మీద వాడి బతుకు వాడు బతకాలి.

ఆకు తినడం వచ్చు. వాసన చూసి లేత ఆకు ఎంచుకోవడం వచ్చు. నిద్రపోవడమైతే ఎవరూ నేర్పక్కర్లేదు.

నీళ్ళు తాగడమే రాదు.

గ్వెన్ తడిచెయ్యి చాపితే నాకుతాడు. లేదా పింగాణీ గిన్నె పెట్టాలి. అడవిలో గిన్నె ఎవరు పెడతారు?

"కోలాలు నీళ్ళు తాగవే, పిచ్చిదానా! వాటికి కావలసినవి ఆకుల్లోనే ఉంటాయి. మా తాత కాలం నుంచీ చూస్తున్నాం," అన్నాడు క్లెమ్. ఆయన గ్వెన్ మొగుడు. నలభై ఏళ్ళుగా ఆయనది అదే మాట.

"ఒక్క ఆకు నలిపి చూడు. ఎక్కడున్నాయయ్యా మీ తాత నీళ్ళు?"

ఆయన నలిపాడు. అరచేతిలో పొడి రాలింది.

ఇద్దరికీ టిల్లీ గుర్తొచ్చింది. పోయిన వేసవిలో వదిలిన ఆడ కోలా. ఆకుల్లో తడి చాలక, నీళ్ళు వెతుక్కుంటూ నేల మీదికి దిగింది. గొర్రెల తొట్టిలోకి వంగింది. నున్నటి సిమెంటు గోడ... ఎక్కి రాలేకపోయింది. ఆ సాయంత్రమే క్లెమ్ పొలంలోని ప్రతి తొట్టిలోనూ ఒక చెక్కపలకను ఏటవాలుగా దించి వచ్చాడు. లోపల పడ్డది ఏదైనా దాన్ని పట్టుకుని పైకి రావచ్చు.

దిగకూడదు.

బిస్కెట్ నేల మీదికి దిగకూడదు.

వాన కురిసినప్పుడు కోలాలు మాను మీద జారే నీళ్ళు నాకుతాయి. చిన్నప్పుడు ఒకసారి, గొడుగు కింద నిలబడి, గ్వెన్ తన కళ్ళతో చూసింది. ఇప్పుడు వాన లేదు. లేకపోతే ఏం, మనమే నీళ్ళు పోద్దాం అనుకుంది.

ఠంగ్, ఠంగ్, థప్ — ట్యాంకు తట్టడం. మొక్కలకి నీళ్ళు పోసే క్యాన్ నింపడం. క్లెమ్ నిచ్చెన వేసుకుని ఎక్కడం. బిస్కెట్ తలకు కాస్త పైనుంచి, నున్నటి మాను మీద, సన్నగా... మెల్లగా... జారనివ్వడం.

తన స్నానం నీళ్ళు క్లెమ్ చెట్టుకు ఇచ్చేశాడు.

"నా దగ్గర గొర్రె వాసన వస్తోందా?"

"గొర్రెలే నయం," అంది గ్వెన్.

మొదటి రోజు వాడు మొహం తిప్పుకున్నాడు. రెండో రోజు నిద్రపోయాడు. మూడో రోజు... పెద్ద నల్లటి ముక్కు మానుకి ఆనింది. గులాబీరంగు నాలుక బయటికొచ్చింది.

చప్... చప్...

క్లెమ్ నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాడు. క్యాన్ ఖాళీ అయ్యాక కూడా వంచే ఉంచాడు. ఆ పూట టీతోపాటు కేకు కూడా తిన్నారు, ఇద్దరూ చెరో రెండు ముక్కలు.

పదకొండో రోజు పొద్దున, ట్యాంకు తడుతూ గ్వెన్ ఎందుకో వెనక్కి తిరిగింది.

ఠంగ్.

నిచ్చెన కింద, నేల మీద, బిస్కెట్ కూర్చుని ఉన్నాడు. ఆవిడ చేతివైపే చూస్తున్నాడు.

వాడు మానుని నేర్చుకోలేదు. ట్యాంకు చప్పుడుని నేర్చుకున్నాడు.

తల్లిలేని కోలాల్ని ఎవరు పెంచాలో, ఎప్పుడు వదలాలో చెప్పే మనిషి రొవీనా. శుక్రవారం వచ్చింది. వరండా మెట్ల మీద కూర్చుని అంతా విని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"కొళాయి దగ్గరికొచ్చే కోలాని ఎలా వదలమంటావు గ్వెన్? ఏ కుక్కో చూస్తే రెండు నిమిషాల పని."

"దాహంతో పోతేనో?"

"వాగు ఒడ్డు చెట్లకి వేళ్ళు లోతు. అక్కడి ఆకులో ఇంకా తడి ఉంది. నువ్వు పిలుస్తుంటే వాడు అటు ఎలా పోతాడు?"

"నేనెక్కడ పిలుస్తున్నాను?"

"రోజూ ట్యాంకు కొట్టి మరీ పిలుస్తున్నావుగా!"

గ్వెన్ తన చేతివంక చూసుకుంది.

వచ్చే శుక్రవారం దాకా గడువు. అప్పటికీ దిగుతుంటే రొవీనా బోనుతో వస్తుంది. సముద్రం వైపు ఒక జూ ఉంది. బాగానే చూసుకుంటారు, జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

"కంచెలోనా?"

"కంచెలోనే."

నిచ్చెన షెడ్డులోకి పోయింది.

చప్పుడు ఆగింది.

పొద్దున్నే గ్వెన్ చెయ్యి దానంతటదే ట్యాంకు మీదికి పోయేది. దాన్ని తీసి జేబులో పెట్టుకునేది. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో తెలియకుండానే టీ కాచేది.

మొదటి రోజు బిస్కెట్ మూడుసార్లు దిగాడు. మూడుసార్లూ క్లెమ్ వాణ్ణి ఎత్తి మాను మీద పెట్టి వచ్చాడు. చేతుల నిండా గోళ్ళ గీతలు. గ్వెన్ వంటింటి కిటికీ వెనక నిలబడి చూసింది. పోయి ఒక్క గుక్క పట్టిస్తే ఏం పోయిందని మనసు పీకింది. పట్టుబట్టి కాలు కదపలేదు.

రెండో రోజు రెండుసార్లు.

మూడో రోజు ఒక్కసారి.

నాలుగో రోజు కొమ్మల మీదుగా కంచె దాటి, వాగు ఒడ్డు చెట్టుకి పోయాడు. ఆకు తర్వాత ఆకు వాసన చూశాడు. వద్దు... వద్దు... ఇది. నమిలాడు. మళ్ళీ వాసన చూశాడు.

గురువారం మధ్యాహ్నం గాలి మారింది.

ముందు దుమ్ము వాసన. తర్వాత రేకుల మీద ఒక చుక్క. ఇంకొకటి. ఆ తర్వాత ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

వాన పడితే క్లెమ్ పరుగెత్తేది వాన కొలిచే గాజు గొట్టం దగ్గరికి. ఆ రోజు పరుగెత్తలేదు. ఇద్దరూ తడుస్తూనే కంచె దాకా వెళ్ళి నిలబడ్డారు.

బిస్కెట్ పంగలో ముడుచుకుని ఉన్నాడు. చెవుల బొచ్చు అంటుకుపోయింది. పై కొమ్మల మీద పడ్డ నీళ్ళన్నీ కలిసి తెల్లటి మాను మీద ఒకే పాయగా దిగుతున్నాయి. వాడి భుజం పక్కగా పోతున్నాయి.

వాడు ఇంటివైపు చూశాడు.

గ్వెన్ చెయ్యి జేబులోనే ఉంచుకుంది.

వాన... వాన...

వాడు తల తిప్పాడు. మానుని రెండు చేతులతో కావలించుకున్నాడు. నాలుక చాపాడు.

చప్... చప్... చప్...

చాలాసేపు తాగాడు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగాడు.

"తాగుతున్నాడే," అన్నాడు క్లెమ్.

"మీ తాతకి చెప్పు," అంది గ్వెన్. ఆవిడ ముఖం మీద వాన ఏదో కన్నీరేదో ఆవిడకే తెలియలేదు. ఎంత సంతోషంగా ఉందో మాత్రం తెలిసింది.

ఇంట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. పక్క పొలం డడ్లీ.

"మీకెన్ని మిల్లీమీటర్లు పడింది?"

"చూడలేదు," అన్నాడు క్లెమ్.

"ఒంట్లో బాగుందా నీకు?"

శుక్రవారం రొవీనా వచ్చింది. రెండు గంటలు కుర్చీ వేసుకుని కూర్చుంది. బిస్కెట్ దిగలేదు. ఖాళీ బోనుతోనే కారెక్కింది.

శనివారం పొద్దున ఎండ లేతగా ఉంది. రేకుల అంచు నుంచి ఇంకా ఒక్కో చుక్క రాలుతోంది.

గ్వెన్ జేబులోంచి చెయ్యి తీసింది.

ఠంగ్... ఠంగ్...

థప్.

నడుం దాకా నీళ్ళు.

తలెత్తి వాగువైపు చూసింది. కొమ్మల మధ్య బూడిదరంగు వీపు కనిపించింది. అది ఇటు తిరగలేదు. హమ్మయ్య అనుకుంది గ్వెన్. మనస్ఫూర్తిగానే అనుకుంది.

ఆ వీపునే చూస్తూ నిలబడింది.

మళ్ళీ కొట్టింది... ఈసారి కొంచెం గట్టిగా.

ఠంగ్.